ఒక్క నిమిషం ఆగే రైలు

మా ఊళ్ళో మండలాఫీసు ఎదురుగా నాకొక చిన్న జెరాక్సు, డి.టి.పి. షాపుంది. అర్జీలు టైపు చేయడం నా పని. పొలం గట్టు జరిగినా, పింఛను ఆగినా, కరెంటు స్తంభం ఒరిగినా జనం ముందు నా దగ్గరకొచ్చి, ఆ తర్వాతే ఆఫీసు మెట్లెక్కుతారు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ ఊరి కష్టాలన్నీ నా కీబోర్డు మీదుగానే వెళ్ళాయి. ఇన్నేళ్ళలో నేను చేసిన తప్పు ఒకే ఒక్కసారి పైఅధికారుల దాకా పోయింది. అది రైలు విషయంలో.

మాది గుంటూరు నుంచి వినుకొండ వైపు పోయే రైలు దారిలో ఒక చిన్న బజారు ఊరు. చుట్టూ మిరప, పత్తి. ఊరికి స్టేషన్ ఉంది గానీ, ఊళ్ళో లేదు. రెండు కిలోమీటర్ల అవతల ఎర్రగరువు మీద ఒంటరిగా ఉంటుంది. కరోనా రోజుల్లో దేశంలోని రైళ్ళన్నిటితో పాటు మా రైలూ ఆగిపోయింది. మళ్ళీ నడవడం మొదలైనప్పుడు పేరు చివర ఎక్స్‌ప్రెస్ అని తగిలించుకుని వచ్చింది, మా స్టేషన్లో ఆగడం మానేసింది. అసలు సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, ఊరికి ఆ విషయం తెలియడానికి దాదాపు ఏడాది పట్టింది. అందరికీ మోటారు సైకిళ్ళున్నాయి, బస్సులున్నాయి, పది మంది పట్టే చోట పదహారు మందిని కుక్కే సర్వీసు ఆటోలున్నాయి. రైలు కూత వినపడుతోంది కాబట్టి రైలు ఉందనే అనుకున్నాం.

తెలిసి, పైకి చెప్పిన మనిషి ఒక్కడే. మా స్టేషన్లోనే పాయింట్స్‌మన్‌గా ముప్పై ఐదేళ్ళు పనిచేసి రిటైరైన ముసలాయన. రైళ్ళను ఒక పట్టాల మీద నుంచి ఇంకో పట్టాల మీదకు మళ్ళించే ఉద్యోగం. మా వీధి చివర సాయిబుల ఇళ్ళలో ఉంటాడు. మా నాన్నకు స్నేహితుడు, అందుకని నేను బాబాయ్ అంటాను. రోజూ పొద్దున్నే నా షాపుకొచ్చి బెంచీ మీద కూర్చుని పేపరు చదువుతాడు. "రైలు ఆపట్లేదురా అబ్బాయ్" అని ఆయన నాకు కనీసం యాభై సార్లు చెప్పి ఉంటాడు. నేను "అవునా బాబాయ్" అంటూ ఎవరి పాసుపుస్తకమో జెరాక్సు తీస్తూ ఉండిపోయాను.

ఊరికి తెలిసింది మాస్టారి వల్ల. ఆయన మా హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. నాకు ఇంగ్లీషు చెప్పారు, నేను నేర్చుకోలేదు. ఒకరోజు వినుకొండలో పెళ్ళికి వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు భుక్తాయాసంతో బస్సెక్కలేక, రైలెక్కారు. మా ఊరి బోర్డు కిటికీలోంచి కనపడగానే లేచి, కండువా సర్దుకుని, తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డారు. బోర్డు వచ్చింది. బోర్డు వెళ్ళిపోయింది. స్టేషను మాస్టరు పచ్చజెండా ఊపుతూ ఈయన వైపే చూశాడట. ఈయన కూడా ఏం చేయాలో తెలియక చెయ్యి ఊపారట. నరసరావుపేటలో దిగి, మిరపకాయల టిక్కీ బస్తాల మీద కూర్చుని ఒక ట్రాలీ ఆటోలో తిరిగొచ్చి, ఇంటికి కూడా పోకుండా సరాసరి నా షాపుకొచ్చారు.

"ఒరేయ్, కంప్యూటరు తెరువు" అన్నారు. తుమ్మారు. మళ్ళీ "తెరువు" అన్నారు.

"ఏం జరిగింది మాస్టారూ?"

"నన్ను నా ఊరి మీదుగా మోసుకుపోయార్రా. పార్సిలు కూడా అడ్రసు చూసి దించుతారు!"

బాబాయ్ పేపరు మడిచి, "నేను ఏడాది నుంచీ చెప్తన్నా" అన్నాడు.

"మీరు చెప్తే ఎవరికి తెలుస్తుంది? నాకు చెప్పొద్దూ!"

"మీకూ చెప్పా మాస్టారూ. మీరప్పుడు ఉప్మా తింటన్నారు."

అలా ఆ సాయంత్రం రైలు సాధన కమిటీ పుట్టింది. అధ్యక్షుడు మాస్టారు. ఉపాధ్యక్షుడు పత్తి కొనుగోలు చేసే ఒక వ్యాపారి. టైపు చేసేవాణ్ణి కాబట్టి కార్యదర్శిని నేను. బాబాయ్‌ని చేరమంటే, "రైల్వే మీద అర్జీ పెట్టే దాంట్లో నేనుండకూడదు, పక్కన కూర్చుంటా" అని మా షాపు బెంచీ మీదే కూర్చున్నాడు.

అర్జీ చరిత్రతో మొదలవ్వాలని మాస్టారి పట్టుదల. అక్కడే గొడవ వచ్చింది. స్టేషను ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో ఎందుకు కట్టారు?

మాస్టారి కథ ప్రకారం, రైలు దారి కొలవడానికి వచ్చిన తెల్లదొర మాస్టారి ముత్తాత ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. పండుమిరపకాయ పచ్చడి వడ్డించారు. దొర మొదటి ముద్ద పెట్టుకోగానే లేచి పరుగెత్తాడు. ఎర్రగరువు మీద ఒక దిగుడుబావి కనపడే దాకా ఆగలేదు. ఆ బావి దగ్గర కడుపునిండా నీళ్ళు తాగి, "స్టేషను ఇక్కడే కట్టండి, నేను మళ్ళీ ఆ ఊళ్ళోకి రాను" అన్నాడట.

వ్యాపారి ఒప్పుకోలేదు. "అదేం కాదండీ. మా తాతల కాలంలో ఊరంతా పత్తి గోడౌన్లు. బొగ్గింజను నిప్పురవ్వలు పడితే తగలబడతయ్యని మావాళ్ళే దొరను ఊరి బయటే ఆపేశారు. దండం పెట్టి మరీ పంపించారు."

"మీవాళ్ళు దండం పెడితే ఆగాడా, మావాళ్ళ పచ్చడికి పారిపోయాడా, రెండూ ఒకటేనా?" అని మాస్టారు లేచారు.

"పచ్చడి తిని రెండు కిలోమీటర్లు ఎవడన్నా పరిగెత్తుతాడాండీ? నీళ్ళు మీ ఇంట్లో లేవా?"

మాస్టారు కండువా దులిపి మళ్ళీ వేసుకున్నారు. నేను కర్సరు మెరుస్తుంటే అలా చూస్తూ కూర్చున్నాను. చివరికి బాబాయ్ నోరు తెరిచాడు. "ఊళ్ళో అంతా నల్లరేగడి. వానొస్తే ఉబ్బుద్ది, ఎండకి పగుల్ద్ది. దాని మీద పట్టాలేస్తే నిలబడవ్. గరువు నేల గట్టిది. అందుకే అక్కడ ఏశారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద మేస్త్రీ చెప్పాడు."

ఆ మాట నిజమని అందరికీ అర్థమైంది. నిజమని అర్థమైంది కాబట్టే ఎవరికీ నచ్చలేదు.

"అది రాస్తే ఎవరు చదువుతార్రా" అన్నారు మాస్టారు. చివరికి రెండు కథలూ రాశాం. నేల సంగతి రాయలేదు.

టైపు చేస్తుంటే నాకు నా కథ కూడా గుర్తొచ్చింది. ఏడెనిమిదేళ్ళ వయసులో, బడిలో బోర్డు కనపడటం లేదంటే, మా అమ్మ నన్ను గుంటూరు కంటి డాక్టరు దగ్గరకు రైల్లో తీసుకెళ్ళింది. అప్పుడది చిన్న లైను, మీటర్ గేజీ, బొగ్గింజను. గుంటూరులో ఉన్న మా పిన్నికి ఇవ్వడానికి అమ్మ కొత్త కారం ఒక గుడ్డసంచిలో పట్టుకుని సీటు కింద పెట్టింది. నరసరావుపేటలో బండి కుదుపుతో ఆగింది, సంచి మూతి ఊడింది. ముందు ఎదురు సీటు ముసలమ్మ తుమ్మింది. తర్వాత ఆమె మనవరాలు. తర్వాత పెట్టె మొత్తం. ఎవరికీ కారణం తెలియదు. అమ్మకు తెలిసినా చెప్పలేదు, వాళ్ళతో పాటు తనూ తుమ్మింది. టికెట్ కలెక్టరు ఎక్కి రెండడుగులు వేసి, నాలుగు తుమ్ములు తుమ్మి, వెనక్కి తిరిగి దిగిపోయాడు. మా అమ్మకు అది అవమానంగా తోచింది. టికెట్లు పైకెత్తి, "అయ్యా, కొన్నాం, చూసుకోండి!" అని కిటికీలోంచి అరుస్తూనే ఉంది. గుంటూరులో డాక్టరు నా కళ్ళు చూసి, మేం ఎందుకొచ్చామో అడగకుండానే ఎర్రకళ్ళకు చుక్కల మందు రాశాడు. నాకు కళ్ళజోడు రావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. ఈ కథ అర్జీలో పెట్టమని నేను అడగలేదు.

ఇక నా తప్పు దగ్గరకొస్తాను. మాస్టారు చివరి వాక్యం చెబుతూ, "రైలును మా స్టేషను నందు శాశ్వతంగా నిలుపవలసినదిగా కోరుచున్నాము" అన్నారు. నాకు ఇన్నేళ్ళ అర్జీల అలవాటు. ఏ మాటనైనా కాస్త బరువుగా కొట్టడం నా వేళ్ళకు జబ్బు. "నిలుపవలసినదిగా" మరీ తేలిగ్గా ఉందనిపించి "నిలిపివేయవలసినదిగా" అని కొట్టాను. "మా స్టేషను నందు" అనే ముక్కను, వాక్యం పేజీ దాటిపోతుందని, నేనే తీసేశాను. మాస్టారు కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చారు. సంతకం పెట్టేశారు. ఆయన కింద ఊళ్ళో నాలుగు వందల మంది సంతకాలు పెట్టారు.

రెండు నెలలకు జవాబొచ్చింది. మాస్టారు దాన్ని పూజలో పెట్టి, పసుపు కుంకుమ అద్ది, నా షాపుకు తెచ్చి, కమిటీ ముందు నిలబడి చదివారు. "తమరి వినతిపత్రం పరిశీలించడమైనది. ప్రయాణికుల సౌకర్యం దృష్ట్యా సదరు రైలును శాశ్వతంగా నిలిపివేయుట సాధ్యపడదని తెలియజేయుటకు చింతిస్తున్నాము."

మాస్టారు ఆగారు. మళ్ళీ చదివారు. వ్యాపారి, "అంటే... ఆగుద్దా, ఆగదా?" అన్నాడు.

బాబాయ్ భుజాలు కదలడం మొదలైంది. తర్వాత పొట్ట. ఆయన నవ్వుతుంటే బెంచీ కిర్రుమంది. "ఆగకుండా పోయే బండిని... అసలు తిరక్కుండా మూసెయ్యమని... నాలుగొందల మంది సంతకాలు పెట్టార్రా అబ్బాయ్!" అని, కట్టుడు పళ్ళు ఊడి రాబోతే చేత్తో పట్టుకున్నాడు.

మాస్టారు నా వైపు తిరిగారు. ఏడో తరగతిలో నన్ను బెంచీ ఎక్కించినప్పుడు ఎలా చూశారో అలాగే చూశారు. నేను మానిటర్ వెనక్కి వీలైనంత వంగాను.

"నువ్వు నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకోలేదని తెలుసు. తెలుగు కూడా నేర్చుకోలేదా?"

ఆ వారం నేను మాస్టారి వీధిలోంచి వెళ్ళలేదు. ఊళ్ళో మాత్రం నన్ను చూసి ఎవరు ఎదురైనా, "ఏమయ్యా, బస్సులు కూడా నిలిపివేయిస్తావా?" అనేవాళ్ళు. ఇంట్లో మా ఆవిడ రెండు రోజులు ఏమీ అనలేదు, మూడో రోజు గ్యాస్ స్టవ్ దగ్గర నిలబడి, "పాలు పొంగుతున్నాయి, కాస్త నిలిపివేయండి" అంది.

రెండో అర్జీకి నన్ను కూర్చోబెట్టింది బాబాయే. "చరిత్ర ఎందుకు? ఎవరెక్కుతారో అది రాయి. పై ఆఫీసరు చూసేది అదే. ఎక్కే మనుషుల్ని చూపియ్యి" అన్నాడు. ఇద్దరం నా బండి మీద ఊరంతా తిరిగాం. వారం వారం గుంటూరు పెద్దాసుపత్రికి పోయే ఒక అమ్మ, రెండు బస్సులు మారి కాలేజీకి పోయే ఆడపిల్లలు, గుండీలకీ లైనింగు గుడ్డకీ గుంటూరు పోయే దర్జీ, మిరపయార్డు కూలికి పోయే ఆడవాళ్ళు. నేను ఈ ఊళ్ళోనే పుట్టాను, వీళ్ళందరి అర్జీలూ టైపు చేశాను, కానీ వీళ్ళు వారానికోసారి ఎక్కడికి, ఎట్లా పోయొస్తున్నారో నాకు తెలియదు. ఆసుపత్రికి పోయే అమ్మ, "బస్సు మెట్టు ఎత్తు బాబూ, కండక్టరు చెయ్యిస్తేనే ఎక్కగలను. అన్నిసార్లూ ఇయ్యడుగా" అంది. ఆ మాట ఉన్నదున్నట్టే టైపు చేశాను. ఒక్క అక్షరం బరువు పెంచలేదు.

పేజీన్నర అయింది. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని మూడుసార్లు చదివి, "ఇది అర్జీలా లేదు, రేషను లిస్టులా ఉంది" అన్నారు. అయినా సంతకం పెట్టారు.

ఆర్నెల్లకు ఉత్తర్వు వచ్చింది. ప్రయోగాత్మకంగా రైలు ఆగుతుంది. గుంటూరు వెళ్ళేటప్పుడు మాత్రమే. వచ్చేటప్పుడు ఆగే సంగతి తర్వాత ఆలోచిస్తారట. ఆగేది ఒక్క నిమిషం.

"ఒక్క నిమిషంలో నా ప్రసంగం ఎట్లా అవుతుంది?" అన్నారు మాస్టారు.

"మీ ప్రసంగానికి కాదు మాస్టారూ ఆపేది" అన్నాడు బాబాయ్.

మొదటి రోజు స్టేషను బయట షామియానా వేశారు. డప్పులు వచ్చాయి, సన్నాయి వచ్చింది, కూల్‌డ్రింకుల బండి వచ్చింది. వ్యాపారి ఇంజనుకు వేయడానికి బంతిపూలతో నిలువెత్తు దండ చేయించాడు. దాన్ని మోయడానికి వ్యాపారి గుమాస్తాలు ఇద్దరు కావాలి, కానీ అధ్యక్షుడు తానే వేయాలని మాస్టారు దాన్ని మెడ మీదుగా వేసుకుని, రెండు చుట్లు భుజానికి తిప్పి మోస్తూ నిలబడ్డారు. ఇంజనుకు కొబ్బరికాయ కొట్టాలి కాబట్టి చెప్పులు షామియానా కింద విడిచారు. నా మెడలో ఒక వైర్లెస్ మైకు డబ్బా, చేతిలో ఆయన ప్రసంగం. నాలుగు పేజీలు. అందులో రెండు కథలూ ఉన్నాయి.

బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిసంచితో, ప్లాట్‌ఫాం బల్ల మీద ప్రయాణికుడిలా కూర్చున్నాడు.

"బాబాయ్, షామియానాలోకి రా."

"నేను గుంటూరు పోతన్నారా. రైలు ఆగుతుంది గదా, ఎక్కటానికే గదా."

నిజమే. మూడు వందల మంది వచ్చాం, ఎక్కడానికి వచ్చినవాళ్ళు పదకొండు మంది ఉంటారేమో. మాస్టారు వాళ్ళను చూసి, "మీరు కాస్త పక్కకు జరగండమ్మా, రైలొస్తుంది" అన్నారు.

రైలు వచ్చింది. మేమంతా ప్లాట్‌ఫాం మొదట్లో నిలబడ్డాం, ఇంజను అక్కడే ఆగుతుందనుకుని. ఇంజను మమ్మల్ని దాటింది. పదో పెట్టె దాటింది. బండి ఆగేసరికి ఇంజను ఎక్కడో ఆ చివర మలుపులో ఉంది, మా ఎదురుగా వెనకాల పెట్టెలు. దండతో మాస్టారు ముందుకు నాలుగు గజాలు పరుగెత్తారు, అరవై ఆరేళ్ళ మనిషి, ఆయాసంతో ఆగిపోయారు. గడియారం చూసుకున్నారు. నిమిషంలో పది సెకన్లు అయిపోయాయి.

"ఇక్కడి నుంచే మాట్లాడతా" అని ఎదురుగా ఉన్న జనరల్ పెట్టె మెట్లెక్కారు, అందరికీ కనపడాలని. "కాగితం!" అన్నారు. నేనూ ఎక్కి, కాగితం ఆయన ముందు పట్టుకున్నాను. మైకు ఆన్ చేశాను.

"ప్రియమైన గ్రామ ప్రజలారా! సుమారు వంద సంవత్సరాల క్రితం, ఇదే నేల మీద, ఒక తెల్లదొర..."

రైలు కదిలింది.

మామూలుగా అయితే ఎవరైనా అరవాలి. ఎవరూ అరవలేదు. జనం ఇదంతా కార్యక్రమంలో భాగమే అనుకున్నారు. చప్పట్లు కొట్టారు. డప్పులు ఊపందుకున్నాయి. షామియానాలో బిగించిన స్పీకర్లోంచి మాస్టారి గొంతు "పచ్చడి... పచ్చడి..." అంటూ కొంతదూరం వినపడి ఆగిపోయిందని తర్వాత చెప్పారు. నాకు మాత్రం ప్లాట్‌ఫాం మీద మూడు వందల మంది నవ్వుముఖాలతో చేతులూపుతూ వెనక్కి వెళ్ళిపోవడం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. దిగాలన్న ఆలోచన వచ్చేసరికి ప్లాట్‌ఫాం అయిపోయింది.

లోపల బాబాయ్ కిటికీ పక్క సీట్లో కూర్చుని సంచిలోంచి అరటిపండు తీస్తున్నాడు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. కొంచెం జరిగి చోటిచ్చాడు.

మాస్టారు బంతిపూల దండతో, ఉత్త కాళ్ళతో కూర్చున్నారు. ఎదురు సీటులో దొనకొండ నుంచి వస్తున్న ఒక ముసలామె ఆయన్ని పైనుంచి కింది దాకా చూసి, చాలా మర్యాదగా, "పెళ్ళి ఎక్కడ నాయనా?" అని అడిగింది. పక్కన ఒకాయన, "మామ్మా, ఎమ్మెల్యే గారిలాగున్నారు" అని, వెంటనే తన పాసుపుస్తకంలో పేరు తప్పు పడ్డ సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ నేను, "ఏ మండలం?" అని అడిగాను.

నరసరావుపేట రాకముందే టికెట్ చూసే అమ్మాయి వచ్చింది. ఉత్తరాది పిల్ల, కొత్తగా తెలుగు నేర్చుకుంటోంది, ఒక్కో మాట ఏరుకుని మాట్లాడుతుంది. "సర్, టికెట్?"

మాస్టారు లేచి నిలబడి, ఆమె చేతికి ప్రసంగం ఇచ్చారు. ఇంగ్లీషులో వివరించారు. ఈ హాల్టు సాధించింది మేమేనని, కమిటీ అని, అధ్యక్షుణ్ణని, పొరపాటున ఎక్కామని. ఆమె శ్రద్ధగా విన్నది.

"చాలా మంచిది సర్. టికెట్?"

నేను బాబాయ్ వైపు చూశాను. పాత రైల్వే మనిషి, ఒక్క మాట చెబితే వింటుంది. బాబాయ్ తన పాసు చూపించి, నోట్లో అరటిపండు మింగి, మా ఇద్దర్నీ వేలితో చూపించి, "రాయమ్మా. ఇద్దరికీ రాయి" అన్నాడు.

"బాబాయ్!"

"ఏం బాబాయ్? బండి ఆపమన్నది మీరే. టికెట్టు లేకుండా ఎక్కిందీ మీరే. నేను అబద్ధమాడనా?"

ఆమె ప్రసంగం కాగితాలు నా చేతికి తిరిగిచ్చి, జరిమానా రాసింది. మాస్టారు తల వంచుకుని కట్టారు. జీవితంలో ఒక్కసారి కూడా, పరీక్ష హాల్లో కూడా, ఎవరినీ ఊరికే వదలని మనిషి. కానీ రసీదు చేతికి రాగానే ఆయన ముఖం మారింది. బయలుదేరిన స్టేషను అన్నచోట మా ఊరి పేరు ఉంది. ఇంగ్లీషులో, అక్షరదోషం లేకుండా.

"చూశావురా" అన్నారు మెల్లగా. "మన ఊరి నుంచి, ఇన్నాళ్ళకి."

కళ్ళు తుడుచుకున్నారు. ఆ ముసలామె తప్పుగా అర్థం చేసుకుని, "పరవాలేదులే నాయనా, అలవాటైపోద్ది" అంది.

ఆ తర్వాత ముగ్గురం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఎకరాల కొద్దీ ఎరుపు. ఈ పొలాలన్నీ నేను బస్సులోంచి వేల సార్లు చూసినవే. రోడ్డు వైపు నుంచి చూస్తే షాపుల బోర్డులు, పురుగుమందుల హోర్డింగులు అడ్డం. రైలు ఊళ్ళ వెనక వైపు నుంచి పోతుంది. మనుషులు పనిచేసుకుంటూ కనపడతారు, ఎవరూ మనకోసం సర్దుకుని ఉండరు. ఒకావిడ కళ్ళంలో కూర్చుని తలదువ్వుకుంటోంది. నాకు ఎందుకో చాలా సంతోషం వేసింది. అది మా ఆవిడకు చెప్పాలనిపించి, ఫోను తీశాను, ఏం చెప్పాలో తెలియక పెట్టేశాను.

గుంటూరులో దిగాక బాబాయ్‌ని అడిగాను, ఎక్కడికని. "చిన్న లైను రోజుల్లో మన బండి నడిపిన డ్రైవరు ఉన్నాడు. రైలు మానేశాక నేను పోలేదు. మోకాళ్ళు. బస్సు ఎక్కలేను" అన్నాడు. రైలు ఆగడం లేదని ఈయన యాభై సార్లు ఎందుకు చెప్పాడో నాకు అప్పుడు తెలిసింది. ఆ యాభై సార్లూ నేను జెరాక్సు తీస్తూనే ఉన్నాను.

మేమూ వెంట వెళ్ళాం. మాస్టారికి చెప్పులు లేవు. మార్చి ఎండ, గుంటూరు తారురోడ్డు. ఆయన ఒక నీడ నుంచి ఇంకో నీడకు గెంతుతూ నడిచారు. డ్రైవరు ఇల్లు చిన్నది, అరుగు మీద నవారు మంచం. ఎనభై దాటిన మనిషి, ఇంజను మోతకు చెవులు దాదాపు పోయాయి. బాబాయ్‌ని చూసి లేచి, రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు ఊపాడు.

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, భుజం మీది దండ తీసి ఆయన మెడలో వేశారు. ఇంజనుకు చేయించిన దండ, ఆయనకు పాదాల దాకా వచ్చింది.

"ఇదేంది?" అన్నాడు డ్రైవరు బాబాయ్‌తో గట్టిగా. "నేను రిటైరై పాతికేళ్ళు దాటింది. ఇప్పుడు సన్మానమేంది?"

బాబాయ్ ఆయన చెవిలో అరిచాడు: "లేటుగా వచ్చింది!"

"ఎంత లేటు?"

"పాతికేళ్ళు!"

"అయితే పరవాలేదు, దారిలో మేకప్ చేసుకోవచ్చు" అన్నాడు డ్రైవరు. రైలువాళ్ళ భాషలో పోయిన టైము వేగంగా నడిపి రాబట్టుకోవడం అన్నమాట. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

అప్పుడు మాస్టారు నా చేతిలోంచి కాగితాలు తీసుకుని, గొంతు సవరించుకుని, నాలుగు పేజీలూ చదివారు. తెల్లదొర, పచ్చడి, బావి, నిప్పురవ్వలు, పత్తి, అన్నీ. డ్రైవరు కదలకుండా, దండలో, తలూపుతూ విన్నాడు. ఒక్క ముక్క వినపడలేదని మాస్టారికి తెలుసు. అయినా ఆయన అంత శ్రద్ధగా చదవడం నేను బడిలో కూడా చూడలేదు. అయిపోయాక డ్రైవరు, "బాగా చదివారు. పెదాలు బాగా కదిలినయ్" అని మెచ్చుకుని, కోడలితో టీ పెట్టించాడు. వెళ్ళేటప్పుడు మాస్టారి కాళ్ళు చూసి తన పాత తోలుచెప్పులిచ్చాడు.

వచ్చే రైలు మా ఊళ్ళో ఆగదు కాబట్టి బస్సులో నిలబడి వచ్చాం. బాబాయ్‌ని కండక్టరూ నేనూ చెరొక చెయ్యి పట్టి ఎక్కించాం. ఊళ్ళోకి వచ్చేసరికి మా గురించి ఒక కొత్త కథ తయారై ఉంది. మాస్టారి ప్రసంగం విని ముచ్చటపడి, గుంటూరు పెద్దాఫీసర్లు ఆయన్ని ప్రత్యేకంగా రైల్లో పిలిపించుకున్నారట. మాస్టారు ఖండించలేదు. నేను నోరు విప్పబోతే నా కాలు తొక్కారు.

హాల్టు ఇంకా ప్రయోగాత్మకంగానే ఉంది, రెండుసార్లు పొడిగించారు. వచ్చేటప్పుడు కూడా ఆపడం తర్వాత మొదలుపెట్టారు. ఆసుపత్రికి పోయే అమ్మ రైల్లోనే పోతోంది. బాబాయ్ ప్రతి గురువారం పోతాడు.

మొన్నీమధ్య పక్క ఊరి వాళ్ళు నలుగురు నా షాపుకొచ్చారు. వాళ్ళ స్టేషన్లో కూడా రైలు ఆగాలట, అర్జీ కావాలట. మాస్టారు అక్కడే ఉన్నారు. "అన్ని చోట్లా ఆగితే అదేం ఎక్స్‌ప్రెస్? మనకు లేటవ్వదూ?" అన్నారు నాతో, వాళ్ళకు వినపడేట్టు. బెంచీ మీద నుంచి బాబాయ్, "వాళ్ళకు మాత్రం మోకాళ్ళు లేవా మాస్టారూ?" అన్నాడు. మాస్టారు కాసేపు గింజుకున్నారు. తర్వాత కుర్చీ నా పక్కకు లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, నేను కొట్టే ప్రతి అక్షరం చూస్తూ కూర్చున్నారు.

పోయిన గురువారం బాబాయ్‌తో పాటు నేనూ బయలుదేరుతుంటే మా ఆవిడ కూడా వస్తానంది. పెళ్ళై పందొమ్మిదేళ్ళు, ఇద్దరం కలిసి రైలెక్కడం అదే మొదలు. నిమిషంలో ఎక్కలేమేమోనని అరగంట ముందే ప్లాట్‌ఫాం మీద నిలబడింది. ఎక్కగానే కిటికీ పక్క సీటు తను తీసుకుంది. నరసరావుపేట రాకముందే పులిహోర డబ్బా తెరిచింది. బాబాయ్‌కి పెట్టింది, ఎదురు సీటు వాళ్ళకు పెట్టింది, నాకు చివర్లో పెట్టింది. గుంటూరు దాకా కిటికీలోంచి చూస్తూనే ఉంది. దిగేటప్పుడు మాత్రం, "వచ్చే వారం కూడా వస్తా" అంది.